చెట్టు నీడకు చీటీ

పార్కులో నలుగురూ కూర్చుని భోంచేయాలన్నా, చిన్న సభ పెట్టుకోవాలన్నా అనుమతి ఎవరివ్వాలి? ఏ లెక్కన ఇవ్వాలి? ఏ కారణంతో కాదనాలి? మన నగరాల్లో పార్కు గేటు దగ్గర ఈ ప్రశ్నలకు జవాబు దొరకదు. కార్తీకం వచ్చేలోపు దొరకాలన్నదే ఈ కథనం.

కార్తీకమాసం దగ్గరపడిందంటే అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ. ఏ ఆదివారం, ఏ తోట, మనిషికెంత? వంటమాస్టర్ దొరుకుతాడు, అరిటాకులకు బయానా ఇచ్చేస్తారు, పులిహోర బాధ్యత ఎవరిదో కూడా తేలిపోతుంది. తేలనిదల్లా చోటే. అసోసియేషన్ కార్యదర్శి దగ్గర్లోని పార్కుకు వెళ్లి వాచ్‌మన్‌ను అడుగుతాడు.

"ఆదివారం ఓ డెబ్బైమందిమి వస్తాం బాబూ. ఆ ఉసిరిచెట్టు కింద భోజనాలు పెట్టుకోవచ్చా?"

"నాకేం తెలుసు సార్, పైన సార్‌ని అడగాల."

"ఆ సార్ ఎక్కడుంటారు?"

"ఆఫీసులో ఉంటారు సార్. ఏ ఆఫీసంటే నేను చెప్పలేను."

మన ఊళ్లలో ఎక్కడైనా ఈ మాటలు ఇంచుమించు ఇలాగే సాగుతాయి. తర్వాత దారులు రెండే. పార్కు సిబ్బందికి టీ ఖర్చులకని చేతిలో ఎంతో కొంత పెట్టి, కాగితం లేకుండా కానిచ్చేయడం ఒకటి. ఈ గొడవంతా మాకెందుకని మొయినాబాద్ వైపో శామీర్‌పేట వైపో ఫామ్‌హౌస్ అద్దెకు తీసుకోవడం రెండోది. రెండో దారి డబ్బున్నవాళ్లది. రెండు గదుల ఇంట్లో ఉంటూ నెల జీతంతో నెట్టుకొచ్చే కుటుంబానికి ఉన్న తోట మునిసిపల్ పార్కు ఒక్కటే. అక్కడ కూర్చుని అన్నం తినడానికి ఎవర్ని అడగాలో కూడా తెలియకపోతే, ఆ పార్కు వాళ్లది కాకుండా పోయినట్టే.

ఎవరి పార్కు?

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. బయటి నుంచి చూస్తే అన్నీ పార్కులే. లోపల యజమానులు వేరు. హైదరాబాద్‌నే తీసుకోండి. కాలనీ పార్కులు నగరపాలక సంస్థవి. హుస్సేన్‌సాగర్ చుట్టూ ఉన్న లుంబినీ పార్కు, ఎన్టీఆర్ గార్డెన్, సంజీవయ్య పార్కు హెచ్‌ఎండీఏ చేతిలో ఉన్నాయి. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ ఉద్యానశాఖది. జూబ్లీహిల్స్ కేబీఆర్ పార్కు పేరుకు పార్కే గానీ, చట్టం దృష్టిలో జాతీయ ఉద్యానం, అంటే అటవీశాఖది. విశాఖలో కైలాసగిరి, బీచ్ రోడ్డు పార్కు వీఎంఆర్‌డీఏవి. ముడసర్లోవ జీవీఎంసీది. కంబాలకొండ అభయారణ్యం. విజయవాడలో రాజీవ్‌గాంధీ పార్కు కార్పొరేషన్‌ది, కృష్ణ మధ్యలోని భవానీ ద్వీపం పర్యాటకశాఖది.

యజమాని మారితే నియమం మారుతుంది. అటవీశాఖ చేతిలో ఉన్నచోట వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 వర్తిస్తుంది. అభయారణ్యానికి, జాతీయ ఉద్యానానికి ముప్పు తెచ్చేలా అక్కడ నిప్పు రాజేయడం నేరం. అక్కడ పొయ్యి పెడతామంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. కాలనీ పార్కులో అదే పొయ్యి స్థానిక అధికారి నిర్ణయం. సామాన్యుడికి ఈ తేడా తెలిసే దారేది? గేటు పక్కన ఉదయం ఎన్నింటికి తెరుస్తారో రాసిన బోర్డు ఉంటుంది, పూలు కోయరాదన్న బోర్డు ఉంటుంది. 'యాభైమంది కలిసి రావాలంటే ఫలానా అధికారికి, ఇన్ని రోజుల ముందు దరఖాస్తు చేయండి, రుసుము ఇంత' అని రాసిన బోర్డు మాత్రం ఉండదు.

పార్కులో దిగితే పని ఒక్క ఆఫీసుతో తీరదు. మైకు పెట్టాలంటే పోలీసుల దగ్గర మైకు పర్మిషన్ వేరు. 2000 నాటి శబ్దకాలుష్య నియంత్రణ నియమాల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి తప్పనిసరి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగ స్థలాల్లో మోగించకూడదు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. మన కాలనీ పార్కుల్లో చాలావాటికి ఓ పక్కన బడో, నర్సింగ్‌హోమో ఉండనే ఉంటుంది. అంతాక్షరి ఆడుకోవడానికి పెద్ద స్పీకర్లు తెచ్చేముందు ఒక్కసారి చుట్టూ చూసుకోవాలి.

ఇంకో నియమం ఉంది. దీని గురించి అసోసియేషన్లలో మాట్లాడుకోగా నేను విన్నది లేదు. 2016లో కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు, లైసెన్సు లేని చోట వందమందికి మించి గుమిగూడే ఏ కార్యక్రమానికైనా కనీసం మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలియజేయాలన్నాయి. నిర్ణీత రుసుము కట్టాలి. చెత్తను తడి, పొడి వేరుచేసి అప్పగించే బాధ్యత నిర్వాహకుడిదే. దీన్ని నేను జనానికి అడ్డంకిగా చూడను. అన్నం పెట్టినవాడు విస్తళ్లు కూడా ఎత్తాలన్న మన పాత మర్యాదనే ప్రభుత్వం కాగితం మీద పెట్టింది.

వేరు కింద నిప్పు

అనుమతి అసలెందుకు? పార్కు జనానిదైతే జనం రావడానికి చీటీ ఏమిటి? ఈ ప్రశ్న సబబే. జవాబు చెట్టు మొదట్లో ఉంది.

చెట్టుకు నీళ్లు, పోషకాలు లాగి ఇచ్చే సన్నటి వేళ్లలో ఎక్కువ భాగం నేల పైపొరలోనే, అడుగు, అడుగున్నర లోతులోనే ఉంటాయి. కొమ్మల అంచు దాటి కూడా పక్కలకు పాకుతాయి. వనభోజనాలంటే మనకు గాడిపొయ్యి గుర్తొస్తుంది. నీడ కోసం దాన్ని చెట్టు దగ్గరే తవ్వుతారు. తవ్వినప్పుడు కొన్ని వేళ్లు తెగుతాయి, మంటకు కొన్ని మాడతాయి. వార్చిన వేడి గంజి, గిన్నెలు కడిగిన సబ్బునీళ్లు అక్కడే పోస్తారు. సామాను దించడానికి డీసీఎం వ్యాన్‌ను చెట్టు మొదలుదాకా తెస్తారు. దాని బరువుకు మట్టి గట్టిపడితే వేళ్లకు గాలి ఆడదు, వాన నీరు లోపలికి ఇంకదు. చెట్టు ఆ ఆదివారమే పడిపోదు. రెండు మూడేళ్లలో పైకొమ్మలు ఎండటం మొదలవుతుంది. అప్పుడు వనభోజనాన్ని ఎవరూ తలుచుకోరు, తెగులనుకుంటారు. ఉసిరి కింద తినడం పుణ్యమని వెళ్లి ఆ ఉసిరికే చేటు చేసి రావడం నాకు మింగుడుపడదు.

ఇక ప్లాస్టిక్. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషిద్ధం. బెలూన్లకు గుచ్చే ప్లాస్టిక్ పుల్లలు, అలంకరణకు వాడే థర్మోకోల్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. పిల్లల పుట్టినరోజుకు పార్కులో స్టేజీ కట్టేవాళ్లకు ఈ సంగతి తెలియదు. చెప్పాల్సింది ఎవరు? అనుమతి కాగితం వెనకాల నాలుగు వాక్యాలు అచ్చేస్తే చాలు.

అంటే చీటీ చేయాల్సిన పని కాపలా. ఎంతమంది వస్తున్నారు, ఎక్కడ వండుతారు, చెత్త ఎవరు తీస్తారు, అదే రోజు ఇంకెవరైనా అడిగారా అన్నవి తెలుసుకోవడానికి అది కావాలి. పెద్ద పెద్ద పచ్చిక మైదానాలకైతే నెలకిన్ని రోజుల విశ్రాంతి కూడా కావాలి. అంతవరకే దాని హక్కు. ఆ హద్దు దాటి, ఎవర్ని రానివ్వాలి, ఎవర్ని రానివ్వకూడదన్న ఇష్టారాజ్యానికి అదే చీటీ పనిముట్టు కావడం కొత్త కాదు. ఆ కథను నగర పార్కులకు పేరుమోసిన ఊళ్లోనే చూడాలి.

గడ్డి పేరుతో

న్యూయార్క్ సెంట్రల్ పార్క్ 843 ఎకరాలు. ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్ గీసిన నమూనాను 1858లో ఎంపిక చేసి కట్టారు. పేద, గొప్ప తేడా లేకుండా అందరూ కలిసే చోటు కావాలన్నది ఓమ్‌స్టెడ్ ఆశయం. అయితే తొలినాళ్ల నియమాలు ఆ ఆశయానికి ఎదురు నడిచాయి. గుంపుగా పిక్నిక్‌కు రావడం నిషేధం. బడిపిల్లలు బంతాట ఆడాలంటే ప్రధానోపాధ్యాయుడి నుంచి చీటీ తేవాలి. బగ్గీల్లో విహరించే సంపన్నులకు ఇవేవీ అడ్డురాలేదు. ఆరు రోజులు చాకిరీ చేసి ఆదివారం పిల్లాపాపలతో వచ్చే కార్మికులకే అడ్డొచ్చాయి. పిక్నిక్ అప్పుడు వాళ్ల పండగ. నియమం ఎవరి పేరూ ఎత్తలేదు, తగలాల్సినవాళ్లకే తగిలింది.

వందేళ్ల తర్వాత అదే పార్కులో మరో ఘట్టం జరిగింది. జోసెఫ్ పాప్ అనే రంగస్థల నిర్మాత షేక్‌స్పియర్ నాటకాలను పార్కులో ఉచితంగా ఆడించేవాడు. టికెట్ కొనలేనివాళ్లు కూడా నాటకం చూడాలన్నది అతని పట్టుదల. 1959లో పార్కుల కమిషనర్ రాబర్ట్ మోజెస్ అడ్డుపడ్డాడు. జనం తొక్కిడికి గడ్డి పాడవుతోంది, ప్రేక్షకుల దగ్గర డబ్బు వసూలు చేసి ఆ ఖర్చు భరిస్తేనే అనుమతి అన్నాడు. మోజెస్ అంటే అప్పట్లో న్యూయార్క్ రోడ్లను, వంతెనలను శాసించిన మనిషి. మేయర్లు కూడా అతనితో తలపడటానికి వెనకాడేవారు. పాప్ వెనకాడలేదు, కోర్టుకెక్కాడు. ఉచితంగా చూపిస్తానన్నవాడిని టికెట్ పెట్టమనడం అసమంజసమని అప్పీలు కోర్టు తేల్చింది. నాటకం ఆగలేదు. 1962లో అదే పార్కులో డెలాకోర్ట్ రంగస్థలం తెరుచుకుంది. అక్కడ షేక్‌స్పియర్ నేటికీ ఉచితమే.

గడ్డి మాట మళ్లీ 2004లో వచ్చింది. రిపబ్లికన్ పార్టీ జాతీయ సమావేశం జరిగే వేళ ఇరాక్ యుద్ధాన్ని వ్యతిరేకించే సంస్థలు ఆ పార్కులోని గ్రేట్ లాన్ అనే పచ్చికపై రెండున్నర లక్షల మందితో సభకు అనుమతి అడిగాయి. లక్షలాది డాలర్లు పోసి బాగుచేసిన పచ్చిక నాశనమవుతుందని నగరం కాదంది. ఏడాది ముందు, 2003లో, అదే పచ్చికపై డేవ్ మాథ్యూస్ బ్యాండ్ భారీ కచేరీ జరిగింది. వ్యాజ్యం నడిచింది, 2008లో రాజీ కుదిరింది. గ్రేట్ లాన్‌పై ఎంతమందిని అనుమతించవచ్చో నిపుణులతో అధ్యయనం చేయించడానికి నగరం ఒప్పుకుంది. గడ్డి పాడవుతుందన్నది అబద్ధం కాదు. పాటకు పాడవని గడ్డి మాటకే పాడవుతుందా అన్నదే ప్రశ్న. అనుమతి ఇచ్చేవాడి నిజాయతీ తేలేది సరిగ్గా ఇలాంటి చోటే.

ఇప్పుడు అదే నగరంలో నియమం ఎవరైనా చదువుకునేంత తేట. పార్కులో ఇరవైమంది దాటితే ప్రత్యేక అనుమతి కావాలి. దరఖాస్తు రుసుము 25 డాలర్లు, కార్యక్రమం జరగకపోయినా తిరిగి రాదు. మూడు వారాలకు పైగా ముందే దరఖాస్తు పెట్టాలి. స్పీకర్లకు పోలీసు అనుమతి విడిగా తీసుకోవాలి. బార్బెక్యూ దానికి కేటాయించిన చోటనే. వేలమంది వచ్చే సంస్థకైనా, ముప్పైమంది బంధువులకైనా మొదటి మెట్టు అదే దరఖాస్తు.

అమెరికాలో మన తెలుగు సంఘాలకు ఈ పద్ధతి బాగా అలవాటు. అక్కడ కార్తీకం నాటికి చలి ముదురుతుంది కాబట్టి వనభోజనాలను చాలాచోట్ల వేసవిలోనే పెట్టుకుంటారు. కౌంటీ పార్కుల్లో పైకప్పు, బల్లలు ఉన్న మంటపాలను నెలల ముందే బుక్ చేస్తారు. నిర్ణీత వేళకు ఖాళీ చేస్తారు, చెత్త సంచులు కట్టి పెట్టి, నేలంతా ఒకసారి చూసుకుని మరీ కదులుతారు. సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడు ఇదే మనుషులు ఇక్కడి పార్కులో విస్తళ్లు వదిలేసి వెళ్లడం కూడా చూశాను. మనిషి మారలేదు. అక్కడ నియమం చేతికిచ్చారు, ఇక్కడ ఇవ్వలేదు.

కాదంటే కారణం చెప్పాలి

అనుమతి ఎలా ఉండాలో కోర్టులు చాలాకాలం కిందటే చెప్పాయి. షికాగోలో యాభైమందికి మించిన కార్యక్రమానికి, మైకు వాడకానికి పార్క్ డిస్ట్రిక్ట్ అనుమతి కావాలి. ఆ నియమాన్ని కొందరు సవాలు చేస్తే అమెరికా సుప్రీంకోర్టు 2002లో ఏకగ్రీవంగా దాన్ని నిలబెట్టింది. ఎందుకు నిలిచిందన్నదే మనకు ముఖ్యం. జవాబు ఇవ్వడానికి గడువుంది, పొడిగించినా 28 రోజులే. ఏయే కారణాలతో నిరాకరించవచ్చో ముందే రాసి ఉంది. కాదంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ చోటు ఆ రోజుకు ముందే వేరొకరికి ఇచ్చేసి ఉంటే ఇంకో చోటో, ఇంకో రోజో సూచించాలి. నిరాకరణపై పై అధికారికి చెప్పుకోవచ్చు.

మన సుప్రీంకోర్టు అంతకు దాదాపు ముప్పై ఏళ్ల ముందే ఇదే దారి చూపింది. అహ్మదాబాద్‌లో బహిరంగ సభకు పోలీసులు అనుమతి ఇవ్వలేదు. హిమత్‌లాల్ కె. షా కేసుగా అది 1972లో రాజ్యాంగ ధర్మాసనం ముందు తేలింది. సభలను క్రమబద్ధం చేయవచ్చు గానీ, ఏ ప్రమాణమూ లేకుండా ఇవ్వడం, మానడం అధికారి ఇష్టానికి వదిలేసే నియమం చెల్లదని ధర్మాసనం దాన్ని కొట్టేసింది. పార్కు స్థలం ఎంత పవిత్రమో 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో అదే న్యాయస్థానం చెప్పింది. పార్కుకని ఉంచిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇస్తే, ఆ కాలనీవాసులు పోరాడి రద్దు చేయించుకున్నారు.

మన చేతిలో ఇంకో ఆయుధం ఉంది. సమాచార హక్కు చట్టం, 2005లోని 4వ సెక్షన్ ప్రకారం తాను ఎవరెవరికి అనుమతులిచ్చిందో ప్రతి ప్రభుత్వ సంస్థా ఎవరూ అడగకముందే ప్రకటించాలి. పార్కు అనుమతులు కూడా ఇందులోకే వస్తాయి. ఏ ఆదివారం ఏ పార్కు ఎవరికిచ్చారు, ఎంత కట్టించుకున్నారు అన్న జాబితా నోటీసు బోర్డు మీద కనిపిస్తే చేతిలో పెట్టే టీ ఖర్చులకు చోటుండదు. పలుకుబడి ఉన్నవాడి ఇంటి వేడుకకు పార్కంతా మూసేసి, ఉదయం నడకకు వచ్చిన పెద్దాయన్ను గేటు బయటే నిలబెట్టడం కూడా అంత తేలిక కాదు.

రుసుము గురించి నా అభిప్రాయం సూటిగానే చెబుతాను. టికెట్ పెట్టి సంపాదించే ప్రదర్శనకు, కంపెనీ ప్రచారానికి గట్టిగానే వసూలు చేయాలి. ఇంటినుంచి క్యారియర్లు తెచ్చుకుని చెట్టు కింద తినే కుటుంబాలకు రుసుమే ఉండకూడదు. పెద్ద గుంపుల దగ్గర తిరిగిచ్చే డిపాజిట్ తీసుకోవడం మేలు. పార్కు శుభ్రంగా అప్పగిస్తే అదే రోజు వెనక్కి ఇవ్వాలి. రుసుము పెంచితే జనం తగ్గుతారు, చెత్త తగ్గదు. డిపాజిట్ తీసుకుంటే చెత్త తగ్గుతుంది.

ఇక మనలోని సంగతి. కార్తీక వనసమారాధనలు చాలా ఊళ్లలో కులాలవారీగా సాగుతున్నాయి. ఫ్లెక్సీలు, వేదికలు, నాయకుల ప్రసంగాలు, ఆ పక్కన భోజనాలు. ఎవరి తోటలో వాళ్లు ఏం చేసుకున్నా అది వాళ్లిష్టం. పార్కు మాత్రం ఉమ్మడి ఆస్తి. 'మా వాళ్లకే ప్రవేశం' అనే సభకు ఉమ్మడి స్థలాన్ని కేటాయించడం నా దృష్టిలో తప్పు. మునిసిపల్ పార్కులో బంతి వేస్తే, ఆ పూట ఆకలితో వచ్చిన తోటమాలికీ, పక్క వీధి పిల్లలకూ ఆ బంతిలో చోటుండాలి. వనభోజనం అసలు రుచి అదే.

ఇవన్నీ కుదరాలంటే పెద్ద చట్టమేమీ అక్కర్లేదు. ప్రతి పార్కు గేటు దగ్గర తెలుగులో ఒక్క పేజీ చాలు: పార్కు ఏ సంస్థది, ఎంతమంది దాటితే చెప్పాలి, ఎవరికి, ఎన్ని రోజుల ముందు, పొయ్యికి ఏ మూల, మైకు హద్దు ఎంత, డిపాజిట్ ఎంత, జవాబు ఎన్ని రోజుల్లో. ముప్పైమంది లోపు కుటుంబాలకు అనుమతే అక్కర్లేదని కూడా ఆ పేజీ మీదే రాయాలి. పొయ్యి కోసం చెట్లకు దూరంగా ఒక సిమెంటు గట్టు, గిన్నెలు కడగడానికి ఒక కుళాయి, తడి, పొడి చెత్తకు రెండు పెద్ద తొట్లు. ఒక పార్కుకు ఇంతకంటే ఖర్చుండదు.

కార్తీకం కోసం ఆగొద్దు. మీ అసోసియేషన్ తరఫున ఈ వారమే మీ మునిసిపల్ కమిషనర్‌కు ఒక ఉత్తరం రాయండి. మీ పార్కులో గుంపు కార్యక్రమాల నియమాలేమిటి, కిందటేడు ఎవరెవరికి అనుమతిచ్చారు అని సమాచార హక్కు కింద అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. వచ్చిన జవాబును పెద్ద అక్షరాల్లో రాయించి, అధికారులతో చెప్పి గేటు దగ్గర పెట్టించండి. ఈసారి వనభోజనాలకు వెళ్లేటప్పుడు చేతిలో అనుమతి కాగితంతో పాటు చెత్త సంచులు కూడా ఉండాలి.